కాన్పుకు ముందూ తరువాతా కటి కండరాల చికిత్స: నల్లగొండ, పాలమూరు జిల్లాలు

కటి కండరాల ఫిజియోథెరపీ అంటే గర్భం మోస్తున్నప్పుడూ, కాన్పు అయ్యాకా కటివలయం అడుగున ఉండే కండరాలకు ఇచ్చే శిక్షణ. మూత్రం అదుపు తప్పడం, గర్భసంచి జారడం, కుట్ల దగ్గర నొప్పి, నడుమూ తుంటీ పట్టేయడం వంటివి రాకుండా చూడటానికీ, వస్తే తగ్గించటానికీ ఇది పనికివస్తుంది. ఇందులో మాత్ర లేదు, కత్తి లేదు. నేర్పేవారి ఓపిక, చేసేవారి మూడు నెలల క్రమం, ఇవే దీని సరంజామా.

ఈ వ్యాసంలో నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) అన్నవి 2016 అక్టోబరుకు ముందున్న ఉమ్మడి జిల్లాలు. ఇప్పుడవి ముఖ్యంగా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి ఒకవైపు, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట మరోవైపు. ఈ ఊళ్లలో 'దగ్గినా తుమ్మినా ఒంటికి పడుతది' అన్న మాట అక్కాచెల్లెళ్ల మధ్య వినిపిస్తుంది, ఆస్పత్రిలో మాత్రం వినిపించదు. డాక్టరు ముందు కూర్చున్నాక ఆ మాట 'నడుము నొస్తది', 'తెల్లబట్ట అయితది' అని మారిపోతుంది. దానికి దొరికే జవాబు చాలాసార్లు గర్భసంచి గురించి ఉంటుంది. అసలు సడలింది కండరమని చెప్పేవారు తక్కువ.

పేరు లేని కండరం

తెలుగులో పిక్కకు పేరుంది, దండకు పేరుంది, జబ్బకు పేరుంది. రోజంతా మన బరువు మోసే ఈ కండరానికి మాత్రం వాడుకలో మాట లేదు. డాక్టర్లు 'పెల్విక్ ఫ్లోర్' అంటారు, పుస్తకాల్లో 'కటి తలం' అని రాస్తారు. రెండూ ఇంట్లో పలికే మాటలు కావు. యోగంలో మూలబంధం ఉంది. పదిహేనో శతాబ్దపు హఠయోగ ప్రదీపిక దాన్ని వివరంగానే చెబుతుంది. కానీ అక్కడ మడమ మోపి కూర్చున్నది యోగి, బాలింత కాదు. ప్రాణాపానాలను కలపడానికి చెప్పిన ఆ బిగింపును పురిటింటి అవసరంగా చూపించే పని సంప్రదాయంలో జరగలేదు.

దీని అమరికను ఉట్టితో పోల్చి చూస్తే సులువుగా అర్థమవుతుంది. ఉట్టికి పైన తాళ్లు, కింద అల్లిన వల. మూత్రాశయం, గర్భాశయం, పురీషనాళం అందులోని మూడు కుండలు. పై తాళ్లు కటిలోని స్నాయువులు. కింది వల ముందున్న జఘనాస్థి నుంచి వెనక తోకెముక దాకా పరుచుకున్న కండరం. అందులో ప్రధాన భాగాన్ని లెవేటర్ ఆనై అంటారు. వల గట్టిగా ఉన్నంతకాలం తాళ్ల మీద బరువు పడదు. వల సడలితే బరువంతా తాళ్ల మీదికి పోతుంది, అవి ఏళ్ల తరబడి సాగుతాయి, ఒక కుండ కిందికి దిగుతుంది. ఇరవై ఏళ్లకు కన్నామెకు నలభై దాటాక గర్భసంచి జారటంలోని లెక్క చాలావరకు ఇదే. అందుకే కాన్పుకూ ఈ ఇబ్బందికీ ఉన్న సంబంధం ఎవరికీ తట్టదు.

వెన్నెముక అడుగున త్రికం దగ్గర రెండు, మూడు, నాలుగో నాడీ మూలాల నుంచి వచ్చే ప్యుడెండల్ నాడి ఈ ప్రాంతానికి కదలికనూ స్పర్శనూ ఇస్తుంది. బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు ఈ నాడి సాగుతుంది, కండరమూ సాగుతుంది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో కంప్యూటర్ నమూనాతో లెక్కకట్టి, లెవేటర్ కండరంలో మధ్యవైపు ఉండే భాగం మామూలు పొడవుకు 3.26 రెట్ల దాకా సాగుతుందని చెప్పారు. ఒంట్లో మరే కండరమైనా అంతగా సాగితే తెగిపోతుంది. గర్భకాలపు మార్పులు దీన్ని ముందే మెత్తబరిచి ఉంచడం వల్ల చాలామందిలో ఇది నిలుస్తుంది. కొందరిలో ఎముక దగ్గర ఊడివస్తుంది.

పెద్దాపరేషన్ (సిజేరియన్) అయితే ఈ బాధ ఉండదనుకోవడం సగమే నిజం. తల దిగే ఒత్తిడి తప్పుతుంది గనుక మూత్రం చుక్కలుగా పడటం తక్కువే. కానీ తొమ్మిది నెలల బరువు, హార్మోన్ల ప్రభావం, మలబద్ధకం, దగ్గు అందరికీ ఒకటే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లో జరిగాయి, మొత్తం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. దేశ సగటు 21.5. ప్రైవేటు ఆస్పత్రుల్లో ఆ అంకె 80 దాటింది. కాబట్టి ఇక్కడ కటి కండరాల చికిత్స అంటే సగానికి పైగా కోత మానిన పొట్టతో ఉన్న తల్లుల చికిత్స. మచ్చ చుట్టూ చర్మం, కండరం అతుక్కుపోకుండా చూడటం, నడిమికి విడిపోయిన పొట్ట కండరాలను దగ్గరికి తేవడం కూడా అందులో భాగమే.

ఎక్కడ మొదలైంది

ఈ వ్యాయామాలను లోకం 'కీగల్' పేరుతో పిలుస్తుంది. లాస్ ఏంజెలెస్ గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కీగల్ 1948లో అమెరికన్ ప్రసూతి వైద్య పత్రికలో రాసిన వ్యాసం వల్ల ఆ పేరు స్థిరపడింది. అంతకు పన్నెండేళ్ల ముందే, 1936లో, లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రికి చెందిన మిన్నీ రాండెల్, నర్తకి మార్గరెట్ మోరిస్ కలిసి బాలింతల వ్యాయామాల మీద పుస్తకం తెచ్చారు. పేరు డాక్టరుకు దక్కింది, అది వేరే సంగతి.

కీగల్ చెప్పినదాంట్లో అసలైన భాగాన్ని కాలక్రమంలో వదిలేశారు. ఆయన 'బిగించండి' అని ఊరుకోలేదు. పెరీనియోమీటర్ అనే గాలి గొట్టం పరికరం పెట్టి, ముల్లు కదులుతోందా లేదా అని ఆ స్త్రీకే చూపించాడు. అలా చూపించకుండా నోటితో చెప్పి ఊరుకుంటే ఏమవుతుందో 1991లో బంప్, అతని సహచరులు చూశారు. నోటిమాటగా మాత్రమే చెప్పించుకున్న స్త్రీలలో సరిగ్గా బిగించగలిగినవారు సుమారు సగం మంది. నాలుగో వంతు మంది లోపలికి లాగాల్సింది పోయి బయటికి ముక్కారు. వారికి మేలు జరగకపోగా కీడు జరగవచ్చు. ఫోన్‌లో వీడియో చూసి చేసేవారికీ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది.

ఫ్రాన్సులో 1985 నుంచి కాన్పు తరువాతి కటి శిక్షణకు ప్రభుత్వ బీమా డబ్బు చెల్లిస్తోంది. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2021 డిసెంబరులో ఈ కండరాల ఇబ్బందుల మీద ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. ఫలితాల విషయానికొస్తే, కాక్రేన్ సంస్థ 2020 సమీక్ష 46 అధ్యయనాలను, పదివేలకు పైగా స్త్రీలను లెక్కలోకి తీసుకుంది. ఇబ్బంది లేనివారు గర్భం తొలినాళ్లలోనే శిక్షణ మొదలుపెడితే నెలలు నిండేసరికి మూత్రం అదుపు తప్పే అవకాశం 62 శాతం తగ్గింది, కాన్పయిన మూడు నుంచి ఆరు నెలలకు 29 శాతం తగ్గింది. అప్పటికే దగ్గుకూ తుమ్ముకూ మూత్రం పడుతున్న ఆడవాళ్ల మీద 2018లో వచ్చిన మరో కాక్రేన్ సమీక్షలో, శిక్షణ పొందినవారిలో 56 శాతం మంది నయమైందన్నారు, పొందనివారిలో 6 శాతం. గర్భసంచి జారడం తొలిదశల్లో ఉన్న 447 మంది మీద జరిగి 2014లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన పాపీ అధ్యయనం, ఒక్కొక్కరికి విడివిడిగా నేర్పితే బరువుగా అనిపించడం, ఏదో జారుతున్నట్టు ఉండటం తగ్గుతాయని చూపింది. పూర్తిగా బయటికి వచ్చిన గర్భసంచిని మాత్రం వ్యాయామం వెనక్కి పంపలేదు. దానికి రింగు పెస్సరీయో, ఆపరేషనో కావాలి.

ఎలా నేర్పుతారు

మొదటి పని కండరాన్ని కనిపెట్టడం. మోకాళ్లు మడిచి పడుకోవాలి. నెలలు నిండినవారైతే ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. నలుగురిలో కూర్చున్నప్పుడు గాలి పోకుండా ఆపుకున్నట్టు వెనక ద్వారాన్ని బిగించి, అదే ఊపులో ఒంటికి ఆపుకున్నట్టు ముందుకు తెచ్చి, మొత్తాన్ని లోపలికీ పైకీ లాగాలి. పిరుదులు, తొడలు కదలకూడదు. ఊపిరి బిగపట్టకూడదు. పైకి అంకెలు లెక్కపెడుతూ చేస్తే ఊపిరి దానంతట అదే ఆడుతుంది. ఎనిమిది సార్లు బిగించడం, ప్రతిసారీ అంతసేపూ వదిలేయడం, ఇలా రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు అన్నది నైస్ చెప్పే లెక్క. నిలబెట్టే బిగింపులతో పాటు చిటికె వేసినంతలో బిగించి వదిలే బిగింపులు కూడా ఉండాలి. తుమ్మినప్పుడు మూత్రం పడకుండా ఆపేది రెండోరకమే. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం కండరాన్ని గుర్తుపట్టడానికి ఒకసారి చేసి చూడవచ్చు గాని అదే వ్యాయామం చేసుకుంటే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు.

ఫిజియోథెరపిస్టు తొడుగు వేసుకున్న వేలితో లోపల పరీక్షించి కండరం బలాన్ని సున్నా నుంచి ఐదు దాకా ఆక్స్‌ఫర్డ్ కొలమానం మీద వేస్తారు. ఇది ఆ స్త్రీ ఒప్పుకుంటేనే చేసే పరీక్ష. ఒప్పుకోకపోతే బయటి నుంచి చూసి, లేదా పొట్ట మీద స్కానింగ్ పెట్టి మూత్రాశయం అడుగు లేస్తోందా అని చూడవచ్చు. ఆడ ఫిజియోథెరపిస్టు, తలుపు మూసుకునే గది, ఈ రెండూ లేనిచోట ఈ చికిత్స గురించి మాట్లాడి ప్రయోజనం లేదు.

అన్నిటికన్నా త్వరగా ఫలితమిచ్చేది ఒక చిన్న మెలకువ: దగ్గు వచ్చే క్షణానికి ముందే బిగించడం. 1998లో మిషిగన్ బృందం కొంత వయసు మళ్లిన స్త్రీలకు దీన్ని నేర్పితే వారం రోజుల్లోనే దగ్గినప్పుడు పడే మూత్రం తగ్గింది. మన దగ్గర బిందె ఎత్తేముందు, గంప నెత్తికెత్తుకునే ముందు, బిడ్డను చంకకెత్తుకునే ముందు బిగించి, ఊపిరి వదులుతూ లేవడం అని చెబితే సరిపోతుంది.

అందరికీ బిగింపే మందు కాదు. కొందరిలో ఈ కండరం భయంతోనో, కుట్ల నొప్పితోనో ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. భర్తతో కలిసినప్పుడు మంట, దొడ్డికి కష్టం వీరి లక్షణాలు. వీరికి వదలడం నేర్పాలి, పొట్టలోకి నిండా ఊపిరి పీల్చడం నేర్పాలి. గర్భంలో రక్తస్రావం, నెలలు నిండకముందే నొప్పులు, మాయ కిందికి ఉండటం వంటివి ఉంటే ఏ వ్యాయామమైనా డాక్టరును అడిగాకే. తొలిచూలు గర్భిణులు 34 వారాల నుంచి యోనిద్వారం దగ్గర నూనెతో మృదువుగా మర్దన చేసుకుంటే కోత పెట్టాల్సిన అవసరం తగ్గుతుందని కూడా అధ్యయనాలు చెబుతున్నాయి.

పురిటిల్లు, బాయికాడ, బొంబాయి

ఇక్కడి బాలింత సంరక్షణలో విశ్రాంతికి చోటుంది. తొలి కాన్పుకు తల్లిగారింటికి పోవడం, పురుడు తీరేదాకా గడప దాటకపోవడం, వేడినీళ్లు, సాంబ్రాణి పొగ, కాయం, పథ్యం. వీటిలో కొన్నిటికి వైద్యపరంగా ఆధారం లేదు. నీళ్లు తక్కువ తాగించడమైతే మలబద్ధకాన్ని పెంచి కటి కండరాలకు నేరుగా చేటు చేస్తుంది. కానీ నెలల తరబడి బరువు ఎత్తనివ్వని ఆ కట్టుబాటు ఏ ఆస్పత్రి చీటీ కన్నా గట్టిది. నడికట్టు సంగతి కొంచెం చిక్కు. పొట్టకు గుడ్డ చుట్టమని చరక సంహిత శారీరస్థానమే చెబుతుంది. వదులుగా, ఆసరాగా కడితే నడుముకు హాయి. పొట్ట లోపలికి పోవాలని ఊపిరాడకుండా బిగిస్తే ఒత్తిడికి పోయే దారి కిందికే, సడలిన వల మీదికే.

విశ్రాంతి అందరికీ ఒకలా దొరకదు. రెండో కాన్పుకు తగ్గుతుంది, మూడో కాన్పుకు ఇంకా తగ్గుతుంది. ఉద్యోగినికి 2017 సవరణతో 26 వారాల జీతం సెలవు ఉంది. నాటుకూ పత్తి ఏరుడుకూ పోయే కూలికి సెలవంటే ఆ రోజు కూలి పోవడమే. పాలమూరు లేబర్ అన్న మాట దేశమంతా తెలుసు. మేస్త్రీ వెంట బొంబాయికో, ఆనకట్ట పనికో పోయే జంటలో ఆడమనిషి తట్ట మోస్తుంది, పసిబిడ్డ అక్కడే చెట్టుకు కట్టిన జోలెలో ఉంటుంది. నడుము వంచి చేసే పని, తలమీద బరువు, మరుగు లేక పొద్దంతా మూత్రం ఆపుకోవడం. కటి కండరానికి ఇంతకన్నా చెడ్డ రోజువారీ పని ఊహించడం కష్టం.

నల్లగొండకు వేరే కథ ఉంది. బట్లపల్లి ఊరి ఫ్లోరోసిస్ గురించి 1945లోనే ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వ్యాసం వచ్చింది. మర్రిగూడ, చండూరు, నాంపల్లి వైపు ఆ నీళ్లు రెండు మూడు తరాల వెన్నులను గట్టిపరిచాయి. వెన్నుపూసలు, తుంటి కీళ్లు బిగిసినవారికి మామూలు భంగిమలు కుదరవు. కుర్చీలో కూర్చునో, పక్కకు పడుకునో చేయించాలి. నడుము నొప్పి ఫ్లోరైడుదా, కాన్పుదా అని తేల్చడం కూడా ఇక్కడి వైద్యానికి ప్రత్యేకమైన ముడి. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించి మొదలుపెట్టిన మిషన్ భగీరథ కృష్ణా నీళ్లను ఇళ్లకు తెచ్చింది. దాన్ని ఫ్లోరైడు విముక్తిగానే అందరూ చెప్పుకుంటారు. బాలింత చంకన నీళ్ల బిందె దిగిపోవడం కూడా అంత లెక్కపెట్టదగిన మేలే.

ఇదే జిల్లాలో ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం, ఆసు పోసి పోసి తల్లి లక్ష్మి భుజాలు పడిపోవడం చూసి, 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని చేశారు. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చేయి ఆడించాల్సిన పని అది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. భుజం నొప్పిని కొడుకు చూడగలిగాడు. ఇక్కడ చెప్పుకుంటున్న నొప్పిని ఏ తల్లీ కొడుక్కి చెప్పదు.

'తీసేస్తే పోతది'

గర్భసంచి తొలగింపు ఈ వ్యాసానికి పక్క విషయంలా కనిపిస్తుంది గాని, కటి కండరాల చికిత్స లేనిచోట దాని స్థానాన్ని ఆక్రమించింది ఇదే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3 శాతం చిల్లర ఉంటే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 8 శాతం దాటారు. దేశంలో మొదటి రెండు స్థానాలూ తెలుగువాళ్లవే.

ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, మిగతా రెండు అనంతపురం, శ్రీకాకుళం. గుండె, క్యాన్సర్ వంటి ఖరీదైన వైద్యాన్ని పేదవారికి అందించిన ఆ పథకం కింద గర్భసంచి ఆపరేషన్లూ జోరందుకున్నాయి. హైదరాబాదుకు చెందిన లైఫ్ హెచ్‌ఆర్‌జీ సంస్థ తరఫున డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి మెదక్ జిల్లాలో ఊరూరా తిరిగి, చిన్న వయసు స్త్రీలకు అవసరం లేకుండా గర్భసంచులు తీసేసిన వైనాన్ని బయటపెట్టారు. తెల్లబట్ట, నడుము నొప్పి, క్యాన్సర్ వస్తుందన్న భయం, వారు నమోదు చేసిన కారణాల్లో ఇవి ముఖ్యమైనవి. తరువాత ప్రభుత్వం ఈ ఆపరేషన్‌ను ఆరోగ్యశ్రీలో ప్రభుత్వ ఆస్పత్రులకే పరిమితం చేసింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అనవసర గర్భసంచి తొలగింపులను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయమని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది.

ఆపరేషన్ చేయించుకున్న స్త్రీని తప్పుపట్టడానికి లేదు. పిల్లలు పుట్టారు, పిల్లల ఆపరేషన్ అయింది, ఇక ఆ సంచితో పనేముంది అన్న లెక్క ఆమెకు సబబుగానే తోస్తుంది. ఆమెకు ఎవరూ చెప్పనిది ఒకటుంది. ఉట్టిలోంచి ఒక కుండ తీసేస్తే వల బాగుపడదు. దగ్గితే మూత్రం పడటం గర్భసంచి తీసినా ఆగదు. పైకప్పు ఆసరా పోయిన యోని కొందరిలో కొన్నేళ్లకు జారుతుంది. అండాశయాలు కూడా తీస్తే ముప్పయ్యేళ్లకే ముట్లుడిగి ఎముకలు బోలుబారతాయి. నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తం కనపడటం, పూర్తిగా బయటికి జారిన గర్భసంచి, పెద్ద గడ్డలు, ఇవి వేరు. వీటికి ఆలస్యం చేయకుండా గైనకాలజిస్టు దగ్గరికే పోవాలి.

ఎవరు చేయగలరు

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తుల్లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. పదేళ్ల కింద ప్రతి చిక్కు కేసుకూ వంద కిలోమీటర్ల దూరపు హైదరాబాదే దిక్కు, ఇప్పుడు కాదు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఫిజియోథెరపిస్టులకు చట్టబద్ధమైన గుర్తింపు ఇచ్చింది. అయితే మన ఫిజియోథెరపీ గదుల్లో కనిపించేది పక్షవాతం, మోకాలు, మెడ. 2013లో మొదలైన బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా కేంద్రంలో బిడ్డ ఎదుగుదల లోపాలకు ఫిజియోథెరపిస్టు పోస్టు ఉంది. ఆ బిడ్డను కన్న తల్లికి అలాంటి ఏర్పాటు లేదు. 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్‌లో చీర, సబ్బు, దోమతెర, బిడ్డ బట్టలు ఇచ్చారు. ఆ సంచిలో ఈ వ్యాయామాల బొమ్మల కాగితం ఒకటి పెట్టడానికి చోటు లేకపోలేదు.

ఆశ పెట్టుకోదగిన చోట్లు రెండు. ఒకటి మిడ్‌వైఫరీ. 1948లో స్థాపించిన హైదరాబాదు ఫెర్నాండెజ్ ఆస్పత్రి సంస్థతో కలిసి తెలంగాణ ప్రభుత్వం 2017లో కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. నొప్పుల వేళ పక్కనే ఉండి, కోత లేకుండా కాన్పు చేయడం నేర్చిన ఈ నర్సులకు కటి కండరం సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. రెండోది 2023 మార్చి 8న ప్రారంభించిన ఆరోగ్య మహిళ కేంద్రాలు. మంగళవారాల్లో ఆడవారినే చూసే ఈ కేంద్రాల్లో మూత్ర సమస్యలూ, యోగా, వ్యాయామమూ సేవల పట్టికలోనే ఉన్నాయి.

వీటన్నిటికన్నా గడపకు దగ్గరగా ఉన్నది ఆశా కార్యకర్త. ఆస్పత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆమె ఆరుసార్లు పోవాలి: 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో. బిడ్డ బరువు, బొడ్డు, పాలు, తల్లికి జ్వరం, రక్తస్రావం చూస్తుంది. 'దగ్గితే ఒంటికి పడుతున్నదా అక్కా' అని అడగడానికి ఆమెకు పరికరం అక్కర్లేదు. పైగా అడిగేది ఆడమనిషి, ఆ ఊరి మనిషి. తేలికపాటి బిగింపులను నొప్పి లేకపోతే కాన్పయిన మొదటి రోజుల నుంచే చేయవచ్చు, మూత్రం గొట్టం ఉంటే అది తీశాక. లోపలి పరీక్ష చేసి బలం కొలవడానికి మాత్రం పుండు మానాలి, ఆరు వారాలు ఆగాలి. ఆరు వారాలంటే 42 రోజులు. ఆశా వచ్చే ఆ ఆరుసార్లలో చివరి రోజూ అదే.